పిడి

రాజేంద్రనగర్‌లో మా ల్యాబ్ వెనక
నాలుగెకరాల మడి.
మూడు దిక్కులా అపార్ట్‌మెంట్లు,
నాలుగో దిక్కున గోడ, గోడ మీద ట్యూషన్ సెంటర్ నంబరు.
శంషాబాద్‌లో దిగబోయే విమానాలు
నారుమడి నీళ్లలో తలకిందులుగా పోతుంటాయి.

ఆ రోజు నా పని చేతులు కొలవడం.
కలుపు తీసే యంత్రానికి
పిడి ఎంత లావుండాలో తేల్చాలి.
ఇన్నాళ్లూ అమ్మినదాని పిడి
ఎవరి చేతిని చూసి చేశారోనని పాత ఫైలు తీస్తే
ముప్ఫై పేర్లు.
ముప్ఫై మందీ మగవాళ్లు.
వంగి కలుపు తీసే మగవాణ్ణి
మా చేవెళ్ల వైపు నేను ఒక్కణ్ణీ చూడలేదు.

మొగులమ్మ అందరికంటే ముందొచ్చి కూర్చుంది.
చెయ్యి చాపమంటే
కొంగుకు తుడిచి, చూసుకుని, మళ్లీ తుడిచి
"ఏం జూస్తవ్ బిడ్డా, గీతలన్నీ అరిగినయ్" అంది.
జాతకం కాదమ్మా అని కాలిపర్ చూపించాను.
"కంసలాయన లెక్క జేస్తున్నవ్.
గాజులు జేయిస్తవా?"

అరచేతి వెడల్పు ఏడు పాయింట్ నాలుగు.
చూపుడువేలు పూర్తిగా చాచుకోదు,
కొడవలి పక్కన పెట్టినా
కొడవలి ఇంకా లోపలే ఉన్నట్టు.
పట్టు చూసే మీటరు చేతికిస్తే
ముల్లు ముప్ఫై దాటింది.
టక్కున వదిలేసి
"ఇర్గితే పైసలు గట్టాల్నా?" అంది.

ఇక ఫారం.
పేరు. వయసు, "పెద్ద కరువుల చంటిపిల్లనంట."
వృత్తి?
"ఇంటికాడనే ఉంట."

ఇంటికాడనే ఉంటుంది మొగులమ్మ.
హిమాయత్‌సాగర్ కింద ఎకరం వరి,
గట్టు పక్కన పది గుంటల కూరాకు,
రాత్రి రెండింటికి సెల్‌ఫోన్ పళ్లతో కరిచి
ఆ వెలుతురులో పుంటికూర కోసి కట్టలు కట్టి
మొదటి బస్సుకు మెహదీపట్నం రైతుబజారు.
బజారు కార్డు మీద ఆమె మొగుని ఫొటో.
తనిఖీ ఉందంటే ఆయనొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు.
కట్ట ఎంత అని ఎవరన్నా అడిగితే
ఆమె వైపు చూస్తాడు.

ఆడది నాగలి ముడితే వానలు పడవని
కొత్తకోడలప్పుడు అత్త చెప్పిందట.
ముట్టలేదు.
ఒక్క ఏడు మాత్రం, ఆయన జ్వరంతో మంచమెక్కితే
చీకట్లో, తలకు తువాల చుట్టుకుని
తనే దున్నింది.
"మరి వాన పడిందా?" అన్నాను.
"ఆ ఏడే కట్ట తెగింది!"
నవ్వుతూనే ఉంది, చాలాసేపు.
పక్క వరుసలో కూర్చున్న ఆడవాళ్లు కూడా.

సాయంత్రం రిపోర్టు కొడుతున్నాను.
"రైతు పిడిని పట్టుకున్నప్పుడు
అతని బొటనవేలు..."
ఆగాను.
పొద్దుటి నుంచీ నలభై మంది ఆడవాళ్ల చేతులు
నా చేతుల్లో పెట్టుకుని కూర్చున్నదాన్ని,
మా అమ్మ వీపున కట్టుకుంటే నాట్ల మధ్య పెరిగినదాన్ని,
నా వేళ్లే కొట్టాయి ఆ మాట.
చెరిపి, "రైతు వచ్చింది. రైతు వంగింది" అని
ఊరికే కొట్టి చూసుకున్నాను.
అచ్చుతప్పులా కనిపించింది.
చెరపలేదు.

వానాకాలానికి కొత్త పిడి వచ్చింది,
పాతదానికంటే వేలెడు సన్నం.
మొగులమ్మ పట్టుకుంటే
వేళ్లు తిరిగొచ్చి బొటనవేలిని ముట్టాయి.
తొలిసారి ఆమె పిడికిలి పూర్తిగా మూసుకోవడం చూశాను.
"గిది ఆయన చేతికి సాలది గదా"
అంది, బాధపడినట్టుగా ఏమీ లేదు.

సబ్సిడీకి పాస్‌బుక్ కావాలి,
ఆయన పేరునే ఉంటుంది కదా,
ఆయన్ని తీసుకురావాలేమో అని నసిగాను.
చీర ఎగదోపుకుని మడిలో దిగుతూ అంది:
"పుస్తకం ఆయనదే. పెట్టె గూడ ఆయనదే.
తాళంచెయ్యి నా బొడ్లె ఉంటది.
రేపు దెస్త.
జరుగు, నీళ్లు జల్లుతయ్."